రాత్రి రెండు గంటలకు నొప్పి వస్తే ఎవరొస్తారు?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది హనుమకొండ. నేను ఉప్పల్‌లో కిరాయి ఇంట్లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. మా బాపుకు 66 ఏళ్ళు, ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యారు. రెండేళ్ళ కింద నోటి క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కరెంటు (రేడియేషన్), కీమో అన్నీ అయ్యాయి. ఇప్పుడు చెంపలో మళ్ళీ తిరగబెట్టింది. పుండు బయటికి వచ్చింది, వాసన వస్తోంది. ముక్కులో పైపుతోనే పాలు, జావ పోస్తున్నాం. ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టరు ఇక మందులు పనిచేయవు, పాలియేటివ్ వాళ్ళను (జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించేవాళ్ళను) కలవండి అన్నారు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు ఆన్‌లైన్‌లో చూసి ఒక ప్రైవేటు సెంటర్ చెప్పాడు. ఏసీ గదులు, మంచి రేటింగ్, రోజుకింత అని ఫీజు. మా ఆఫీసులో ఒకామె ట్రస్టు వాళ్ళు నడిపే ఉచిత హాస్పిస్ (చివరి దశ రోగుల్ని చూసుకునే చోటు) గురించి చెప్పింది. ఉచితం అంటే ఏం చూస్తారు అని తమ్ముడి అనుమానం. ఎక్కడా వద్దు, హనుమకొండ తీసుకుపోదాం అని అమ్మ. చుట్టాలేమో, తండ్రిని చావడానికి అక్కడ పడేస్తున్నావా అంటున్నారు. శనివారం రెండూ చూసి వద్దామనుకుంటున్నాను. ఏం చూడాలి, ఏం అడగాలి? బాపు రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు, మూలుగుతున్నారు. – ఒక కూతురు, ఉప్పల్

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివరి వాక్యంలో ఉంది. బాపు రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. మీరు చూడబోయే రెండు చోట్లలో ఏది మంచిదో తేల్చే ప్రశ్న కూడా అక్కడి నుంచే పుడుతుంది. కాబట్టి గదులు, ఫీజులు, రేటింగులు పక్కన పెట్టి అదే ముందు మాట్లాడుకుందాం.

రెండు చోట్లకూ వెళ్ళగానే ఇలా అడగండి. "మీ దగ్గర మార్ఫిన్ మాత్రలు ఉన్నాయా? ఇవాళ మీ వార్డులో ఎంతమందికి ఇస్తున్నారు?"

ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో సగం విషయం తెలిసిపోతుంది. నోటి క్యాన్సర్ ముదిరినప్పుడు వచ్చే నొప్పికి పారాసెటమాల్, డైక్లోఫెనాక్, ట్రమడాల్ ఒక దశ దాటాక చాలవు. మార్ఫిన్ కావాలి. అది కూడా ఇంజెక్షన్‌గా ఎప్పుడో ఒకసారి కాదు, మాత్రగా నాలుగు గంటలకొకసారి, గడియారం చూసి ఇవ్వాలి. నొప్పి వచ్చాక ఇవ్వడం వేరు, రాకుండా ఇవ్వడం వేరు. ఆ తేడా తెలిసిన చోట రోగి మొహం చూస్తేనే తెలుస్తుంది, నుదురు ముడిపడి ఉండదు.

మార్ఫిన్ దొరకడం మన దగ్గర అంత తేలిక కాదు. 1985లో వచ్చిన మత్తుమందుల చట్టం వల్ల ఆసుపత్రులు దాన్ని కొని పెట్టుకోవాలంటే నాలుగైదు రకాల లైసెన్సులు కావాల్సి వచ్చేది. చాలా ఆసుపత్రులు మనకెందుకీ తలనొప్పి అని మానేశాయి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో, మార్ఫిన్ తీసే నల్లమందు పండించే దేశంలోనే రోగులు ఆ మందు లేక ఏడ్చారు. 2014లో చట్టం సవరించారు. ఇప్పుడు గుర్తింపు పొందిన వైద్యసంస్థ అయితే రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ విభాగం ఇచ్చే ఒక్క అనుమతితో మార్ఫిన్ ఉంచుకోవచ్చు. అయినా ఆ గుర్తింపు తీసుకోకుండానే "పాలియేటివ్ కేర్" అని బోర్డు పెట్టేవాళ్ళు ఉన్నారు. అందుకే గుర్తింపు ఉందా అని నేరుగా అడగండి. ఉన్నవాళ్ళు తడుముకోరు. బీరువాకు తాళం, మాత్రల లెక్క రాసే రిజిస్టరు చూపిస్తారు.

"అవసరమైతే బయటి నుంచి తెప్పిస్తాం" అంటే లేదని అర్థం చేసుకోండి. "అది చివరి రోజుల్లో ఇచ్చే మందు కదమ్మా, ఇప్పుడే ఎందుకు" అన్నా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మార్ఫిన్ చావును దగ్గరికి తెచ్చే మందు కాదు. నొప్పికి తగినట్టు కొద్దికొద్దిగా పెంచుతూ ఇస్తే అలవాటుపడి బానిసలవుతారన్న భయం కూడా అక్కర్లేదు. మన ఇళ్ళలో ఆ భయం ఉండడం సహజం. హాస్పిస్ పెట్టినవాళ్ళకే ఆ భయం ఉంటే మాత్రం అది మీ బాపును ఉంచే చోటు కాదు.

ఇంకో రెండు మాటలు దీని మీదే. మార్ఫిన్ వేసుకుంటే మలబద్ధకం తప్పకుండా వస్తుంది. మంచి డాక్టరు మొదటి రోజే దానితో పాటు విరేచనం సాఫీగా అయ్యే మందు రాస్తారు. రాయకపోతే వారం తిరిగేసరికి నొప్పి కంటే కడుపు ఉబ్బరమే పెద్ద బాధ అవుతుంది. "మార్ఫిన్‌తో పాటు ఇంకేం ఇస్తారు?" అని అడిగి చూడండి, ఆ మందు పేరు వాళ్ళ నోట వెంటనే వస్తుందో లేదో. రెండోది, మీ బాపుకు పైపు ఉంది. మామూలు మార్ఫిన్ మాత్రను నలిపి నీళ్ళలో కలిపి పైపులో వేయవచ్చు. మెల్లగా కరుగుతూ పన్నెండు గంటలు పనిచేసే రకం మాత్రను మాత్రం నలపకూడదు, నలిపితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. మాత్రలు పైపులో ఎలా ఇస్తారని నర్సును అడగండి. డాక్టరును కాదు, నర్సునే అడగండి. రాత్రి మందు వేసేది ఆమె.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కూడా చెప్పాలి. 2003లో మా నాన్న క్యాన్సర్‌తో పోయారు. అప్పటికి నేను సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. మా ఊరి దగ్గర ఒక నర్సింగ్‌హోమ్‌లో పెట్టాం. గది శుభ్రంగా ఉండేది, కిటికీలోంచి వేపచెట్టు కనబడేది, డాక్టరు రోజూ రెండుసార్లు వచ్చి భుజం తట్టేవాడు. సెలైన్ ఎక్కుతూనే ఉండేది. నొప్పికి మాత్రం పొద్దున ఒక ఇంజెక్షన్, సాయంత్రం ఒక ఇంజెక్షన్. మధ్యలో ఉన్న గంటలన్నీ నాన్న మంచం పట్టీని పట్టుకుని గడిపారు. "ఇంతకంటే ఏం చేయలేమమ్మా" అన్నారు. నేను నర్సునై ఉండి నమ్మాను. మార్ఫిన్ ఉందా అని ఒక్కసారి కూడా అడగలేదు. తర్వాత పాలియేటివ్ కేర్‌లో శిక్షణ తీసుకుని పద్నాలుగేళ్ళు ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూశాను. ఎన్ని ఇళ్ళకు వెళ్ళినా ఆ మంచం పట్టీ నా కళ్ళ ముందు ఉండేది. మీరు అడగండి.

రెండో ప్రశ్న రాత్రి గురించి. "రాత్రి రెండు గంటలకు నొప్పి వస్తే ఎవరొస్తారు? ఎంతసేపట్లో వస్తారు? డాక్టరుకు ఫోన్ చేయకుండానే నర్సు ఇవ్వగలిగే మందు ఏమైనా కేస్ షీట్‌లో రాసి ఉంటుందా?"

ఈ మూడో ముక్క చాలా ముఖ్యం. గడియారం ప్రకారం మందు ఇస్తున్నా మధ్యలో నొప్పి ఎగదన్నుతుంది. డ్రెస్సింగ్ మార్చినప్పుడో, పక్కకు తిప్పినప్పుడో, ఏ కారణం లేకుండానో. అప్పుడు ఇవ్వాల్సిన అదనపు మోతాదు ముందే రాసి పెట్టి ఉండాలి. అది లేకపోతే ఏమవుతుందంటే, నర్సు డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తుంది, ఆయన ఎత్తడు, తెల్లారేదాకా బాపు మూలుగుతూనే ఉంటారు, పొద్దున రౌండ్లో "రాత్రి కాస్త డిస్టర్బ్ అయ్యారు" అని రాస్తారు. ఎన్ని కేస్ షీట్లలో ఆ వాక్యం చదివానో.

రాత్రి డ్యూటీలో శిక్షణ పొందిన స్టాఫ్ నర్సు ఉంటుందా, లేక ఆయాలే ఉంటారా అన్నది కూడా చూసుకోండి. హైదరాబాద్‌లో ఇప్పుడు గల్లీకొకటి కేర్ సెంటర్ వచ్చింది. వృద్ధాశ్రమం, ఆపరేషన్ తర్వాత కోలుకునేవాళ్ళ సెంటర్, పాలియేటివ్ అని ఒకే బోర్డు మీద మూడూ రాస్తారు. వాటిలో మంచివి లేవని కాదు. స్నానం, భోజనం, డైపర్ బాగా చూసుకునే చోటు వేరు, నొప్పిని లొంగదీసే చోటు వేరు. మీ బాపుకు రెండోది కావాలి. నా సలహా అడిగితే, శుక్రవారం రాత్రి పదకొండు దాటాక ఆ రెండు చోట్లకూ ఒకసారి ఫోన్ చేసి చూడండి. ఎత్తినవాళ్ళు ఎవరు, ఎలా మాట్లాడారు అన్నదాన్నిబట్టే మీకు చాలా తెలుస్తుంది.

ఇక పుండు సంగతి. మీరు వాసన గురించి మొహమాటపడుతూ రాశారు. అక్కర్లేదు. నోటి క్యాన్సర్ పుండుకు వాసన రావడం ఇంటివాళ్ళు సరిగ్గా కడగకపోవడం వల్ల కాదు, చచ్చిపోయిన కణజాలంలో చేరే బ్యాక్టీరియా వల్ల. దానికి మందు ఉంది. మెట్రోనిడజోల్ మాత్రల్ని మెత్తగా పొడి చేసి పుండు మీద చల్లి డ్రెస్సింగ్ చేస్తే రెండు మూడు రోజుల్లో వాసన బాగా తగ్గుతుంది. ఖరీదైన మందు కాదు, మామూలు మెడికల్ షాపులో దొరుకుతుంది. హాస్పిస్‌లో అడగండి, "ఇలాంటి పుండు ఉన్నవాళ్ళు మీ దగ్గర ఎవరైనా ఉన్నారా? ఎలా చూస్తారు?" అని. కొన్ని చోట్ల మొహం చిట్లించి "మిగతా పేషెంట్లకు ఇబ్బంది, విడిగా గది తీసుకోవాల్సి ఉంటుంది" అంటారు. అనుభవం ఉన్న చోట అయితే కుర్చీ దగ్గరికి లాక్కుని మిమ్మల్నే తిరిగి ప్రశ్నలు అడుగుతారు. ఎంత పెద్దగా ఉంది, రక్తం వస్తోందా, ఎప్పుడైనా పురుగులు కనబడ్డాయా అని. పురుగులు అన్న మాట వాళ్ళు మామూలుగా అనగలిగితే, అలాంటివి చేత్తో తీసి బాగుచేసినవాళ్ళని అర్థం.

రక్తం మాట కూడా దాచకుండా చెప్పేస్తాను. ఇలాంటి పుండు కొందరిలో ఏదో ఒక రోజు పెద్ద రక్తనాళాన్ని తినేస్తుంది, ఒక్కసారిగా ఎక్కువ రక్తం పోతుంది. అందరికీ జరగదు. జరిగే వీలున్నవాళ్ళ కుటుంబాన్ని మాత్రం మంచి హాస్పిస్ ముందే కూర్చోబెట్టి చెబుతుంది. ముదురు రంగు తువ్వాళ్ళు, దుప్పట్లు దగ్గర పెట్టుకోమంటుంది, ఎందుకంటే తెల్ల గుడ్డ మీద రక్తం చూసి రోగీ భయపడతాడు, ఇంటివాళ్ళూ భయపడతారు. ఆ సమయంలో ఏ మందు ఇవ్వాలో ముందే రాసి ఉంచుతుంది. మీరు అడగకుండానే వాళ్ళు ఈ మాట ఎత్తితే ఆ చోటు మీద నాకు గౌరవం పెరుగుతుంది.

వార్డులోకి వెళ్ళనిస్తారో లేదో చూడండి. ఆఫీసు గదిలోనే కూర్చోబెట్టి ఫోన్‌లో ఫొటోలు చూపించి పంపిస్తే మళ్ళీ ఇంకో రోజు చెప్పకుండా వెళ్ళండి. రోగుల ఏకాంతం కోసం కొన్ని గదుల్లోకి వద్దంటే అది న్యాయమే. మొత్తానికే వద్దంటే కాదు. లోపలికి వెళ్ళాక మంచాలు, ఏసీలు చూడకండి, మనుషుల నోళ్ళు చూడండి. పెదవులు పగిలి, నాలుక మీద తెల్లటి పొర పట్టి ఉంటే నోరు తుడిచే తీరిక అక్కడ ఎవరికీ లేదన్నమాట. గోళ్ళు చూడండి. కదల్లేనివాళ్ళను రెండు గంటలకోసారి పక్కకు తిప్పినట్టు మంచం దగ్గర కాగితం మీద రాసుందా, ఎయిర్ బెడ్‌లు పనిచేస్తున్నాయా, లేక మోటారు తీసేసి ఊరికే పరిచారా? ఎవరైనా పిలిచినప్పుడు ఎంతసేపటికి ఎవరొచ్చారో గమనించండి. ఒక అరగంట అక్కడ ఊరికే కూర్చుంటే చాలు.

ఇంకొకటి గమనించాలి, ఇది రాసి పెట్టుకోండి. మీరు బాపును తీసుకువెళ్ళినప్పుడు డాక్టరు ఎవరితో మాట్లాడుతున్నారు? మీతోనా, ఆయనతోనా? మన దగ్గర అలవాటు ఏమిటంటే రోగిని బయట కూర్చోబెట్టి కొడుకుతోనో కూతురితోనో మాట్లాడడం. "ఆయనకు చెప్పకండి సార్" అని మనమే వేడుకుంటాం. మీ బాపు ముప్పై ఏళ్ళు బస్సు నడిపినా నలభై ఏళ్ళు నడిపినా, వెనక కూర్చున్న యాభైమందికి దారి తెలియకపోయినా ఆయనకు తెలిసేది. ఇప్పుడు తన ఒంట్లో ఏం జరుగుతోందో ఆయనకు తెలియదని నేననుకోను. మాట రాకపోతే పలక మీదో, ఫోన్‌లోనో రాయగలరు. మంచి హాస్పిస్ డాక్టరు మంచం పక్కన ఆయన కళ్ళకు సమానంగా కూర్చుని "మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతున్నదేంటి?" అని అడుగుతారు. జవాబు నొప్పి కాకపోవచ్చు. పెన్షన్ కాగితాలు కావచ్చు, మనవడిని చూడాలని కావచ్చు, వాసన వల్ల ఎవరూ దగ్గరికి రావడం లేదన్న దుఃఖం కావచ్చు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ నర్సుగా, సోషల్ వర్కర్‌గా పనిచేసి తర్వాత డాక్టరయ్యారు. రోగి పడే బాధలో ఒంటి నొప్పి ఒక భాగమేనని, మనసు, కుటుంబం, డబ్బు, దేవుడు అన్నీ అందులో కలిసే ఉంటాయని ఆమె చెప్పింది. హాస్పిస్ అన్న పనికి పునాది అదే. కౌన్సెలర్ ఉన్నారా అని అడగడం కంటే, వచ్చిన పది నిమిషాల్లో వాళ్ళు బాపు పేరు పెట్టి పలకరించారా లేదా చూడండి.

ఉచితం గురించి మీ తమ్ముడి అనుమానానికి వస్తాను. అతన్ని తప్పుపట్టను, దూరాన ఉన్నవాడికి డబ్బు పంపడం ఒక్కటే చేతిలో ఉన్న పని. కానీ మన దేశంలో హాస్పిస్ మొదలైందే ఉచితంగా. 1986లో ముంబైలో పెట్టిన శాంతి అవేదన సదన్ మొదటిది. బెంగళూరులో కరుణాశ్రయ డబ్బు తీసుకోదు. మన హైదరాబాద్‌లో బంజారాహిల్స్ రోటరీ క్లబ్ వాళ్ళు 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్ కూడా అంతే. చివరి దశ రోగి దగ్గర ఫీజు తీసుకోకూడదన్న నియమం మీద పుట్టిన సంస్థలివి. ఇందులో ఒక లాభం కూడా ఉంది. మంచానికి రోజుకింత అని తీసుకోని చోట అవసరం లేని సెలైన్, స్కాన్, రక్తపరీక్షలు రాయాలన్న ఆశ ఉండదు. అలాగని ఉచితమైన ప్రతిదీ మంచిదే అనను. విరాళాలు తగ్గితే రాత్రి నర్సులు తగ్గుతారు, మంచం ఖాళీ లేక రోజులు ఆగాల్సి వస్తుంది. ఫీజు తీసుకునే చోట కూడా అంకితభావంతో చేసేవాళ్ళున్నారు. రెండింటినీ అవే ప్రశ్నలతో తూచండి. ప్రైవేటు సెంటర్‌లో అదనంగా ఒకటి అడగండి: రోజు ఫీజులో డ్రెస్సింగ్, మందులు, డాక్టరు విజిట్ ఉన్నాయా, విడిగా బిల్లు వేస్తారా, అడ్వాన్సు కట్టాక మధ్యలో తీసుకెళ్తే తిరిగి ఇస్తారా. జవాబు కాగితం మీద ఇవ్వమనండి.

రేటింగ్ మాట. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ వెబ్‌సైట్‌లో హాస్పిస్‌లకు నక్షత్రాలు ఇస్తారు. అవి చనిపోయినవారి కుటుంబాలను ఒక పద్ధతి ప్రకారం సర్వే చేసి ఇచ్చేవి. నొప్పికి సాయం అందిందా, పిలిచినప్పుడు వచ్చారా, గౌరవంగా చూశారా అని అడుగుతారు. మీ తమ్ముడు అక్కడ అలవాటుపడిన కళ్ళతో ఇక్కడి గూగుల్ నక్షత్రాలను చూస్తున్నాడేమో. మన దగ్గర హాస్పిస్‌లకు అలాంటి సర్వే లేదు. గూగుల్‌లో రాసేవాళ్ళలో ఫిజియోథెరపీకి వచ్చి నడిచి ఇంటికి వెళ్ళినవాళ్ళు కూడా ఉంటారు. తండ్రిని పోగొట్టుకున్నవాళ్ళు పన్నెండో రోజున కూర్చుని రివ్యూ రాయరు. అమెరికా సర్వే అడిగే ఆ ప్రశ్నలనే మీరు అడగవచ్చు. గత రెండు మూడు నెలల్లో అక్కడ మనిషిని పోగొట్టుకున్న ఒక కుటుంబంతో, వాళ్ళు ఒప్పుకుంటే, మాట్లాడిస్తారా అని హాస్పిస్‌నే అడగండి. చాలా కుటుంబాలు మాట్లాడతాయి. తమ్ముడికి ఒక పని అప్పజెప్పండి. డాక్టరుతో వారానికోసారి వీడియో కాల్ ఏర్పాటు చేయించుకుని, అవే ప్రశ్నలు అతన్నీ అడగమనండి. డబ్బు పంపడం కంటే అతనికి అదే ఎక్కువ తృప్తినిస్తుంది.

అమ్మ మాట కూడా తీసిపారేయకండి. హాస్పిస్ అంటే వెళ్ళినవాళ్ళు తిరిగి రాని చోటు అని చుట్టాలు అనుకుంటున్నారు. అది నిజం కాదు. నొప్పి, పుండు, వాంతులు అదుపులోకి తెచ్చేందుకు వారం పది రోజులు ఉంచుకుని, ఇంటివాళ్ళకు పైపులో మందు వేయడం, డ్రెస్సింగ్ చేయడం నేర్పించి ఇంటికి పంపించడం దాని పనిలో భాగం. కాబట్టి "పోయిన నెలలో మీ దగ్గర నుంచి ఇంటికి వెళ్ళినవాళ్ళు ఎంతమంది?" అని అడగండి. ఒక్కరూ లేరంటే ఆలోచించాల్సిందే. ఇంటికి వచ్చి చూసే నర్సు బృందం ఉందా, ఉంటే ఎంత దూరం వస్తారు, ఉప్పల్ వస్తారా అన్నది కూడా అడగండి. హనుమకొండకు తీసుకెళ్ళేట్టయితే అక్కడి జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో పాలియేటివ్ కేంద్రం గురించి ముందే వాకబు చేయండి. తెలంగాణ జిల్లాల్లో "ఆలన" పేరుతో ఇళ్ళకు వచ్చి చూసే వాహనాలు ఉన్నాయి. మాత్రలు అయిపోయే లోపు తిరిగి ఎక్కడ తీసుకోవాలో తేల్చుకోకుండా హైదరాబాద్ దాటకండి. ఊళ్ళో మామూలు మెడికల్ షాపులో మార్ఫిన్ దొరకదు.

చుట్టాల మాటలకు జవాబు చెప్పాలని మీరు అలసిపోకండి. ఆ మాటలు అన్నవాళ్ళలో ఒక్కరిని ఒక్క రాత్రి బాపు పక్కన పడుకోమనండి.

చివరి గంటల గురించి కూడా శనివారమే అడగాలి, అడగడానికి నోరు రాకపోయినా. మీది కిరాయి ఇల్లు. మన ఊళ్ళలో ఓనర్లు ఇంట్లో ప్రాణం పోనివ్వరు, పోయాక శవాన్ని లోపలికి తేనివ్వరు. తిథి, నక్షత్రం బాగాలేదంటే ఇల్లు నెలల పాటు మూసేయాలంటారు. ఈ భయంతోనే ఎంతోమంది చివరి నిమిషంలో మనిషిని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తడం, దారిలోనే పోవడం చూశాను. అందుకే అడగండి: ఆ సమయానికి మీ దగ్గర మంచం ఇస్తారా? రాత్రంతా కుటుంబం పక్కన ఉండవచ్చా, పిల్లల్ని రానిస్తారా? తులసి తీర్థం పోయనిస్తారా? పైపు ఉన్నవాళ్ళకు నోట్లో తీర్థం పోస్తే పొలమారుతుంది కాబట్టి దూదితో పెదవులు ఎలా తడపాలో వాళ్ళు చూపిస్తారు. ఆఖరి రోజున ఊపిరాడనట్టు గొంతులో గురగుర వస్తే ఆక్సిజన్, ఐసీయూ అని పరుగెత్తిస్తారా, లేక దానికి వేరే మందు ఇచ్చి పక్కకు తిప్పి పడుకోబెడతారా? పోయాక హనుమకొండకు తీసుకెళ్ళేదాకా ఎంతసేపు ఉంచుతారు? మరణ కారణం రాసిన డాక్టరు సర్టిఫికెట్ ఎవరిస్తారు? మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. పెన్షన్, బ్యాంకు పనులన్నిటికీ ఆ కాగితమే ఆధారం. ఇంట్లో పోయినవాళ్ళకు ఆ కాగితం ఇచ్చే డాక్టరు దొరక్క కుటుంబాలు తిరుగుతుంటాయి. ఇంటికి వచ్చి చూసే హాస్పిస్ అయితే తమ డాక్టరు ఇస్తారా అని ఇప్పుడే ఖాయం చేసుకోండి.

"తప్పకుండా కోలుకుంటారమ్మా, మా దగ్గర చాలామంది లేచి నడిచారు" అని ఎవరైనా అంటే, ఆ మాట ఎంత తియ్యగా ఉన్నా, నమ్మకండి.

మీరు రెండూ చూసి వచ్చాక ఏసీ గదుల చోటే మార్ఫిన్ బీరువా, రాత్రి నర్సు ఉన్నాయనుకోండి, తమ్ముడి డబ్బుతో అక్కడే చేర్చండి, తప్పేం లేదు. ఉచిత హాస్పిస్‌లో ఉండి అక్కడ లేవనుకోండి, పెచ్చులూడిన గోడలు చూసి వెనక్కి రాకండి. రెండు చోట్లా లేవంటే మూడోది వెతుకుదాం, మళ్ళీ రాయండి.

శనివారానికి ఇంకా రోజులున్నాయి, బాపు నొప్పి అప్పటిదాకా ఆగదు. ఎం.ఎన్.జె.లోనే పాలియేటివ్ ఓపీ ఉంది. హాస్పిస్ ఏదో తేలేదాకా ఆగకుండా రేపు పొద్దున్నే ఫైలు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ తీసుకుని అక్కడికి వెళ్ళండి. ఇవాళ రాత్రి బాపును ఒక్క మాట అడగండి, నొప్పి అస్సలు లేకపోతే సున్నా, భరించలేనంత అయితే పది, ఇప్పుడు ఎంతని. వేళ్ళతో చూపిస్తారు. పడుకునే ముందు ఒకసారి, మెలకువ వచ్చినప్పుడల్లా ఒకసారి, టైముతో సహా కాగితం మీద రాయండి. ఓపీలో డాక్టరు ముందు మొదట ఆ కాగితం పెట్టండి.